కొత్త బండి ఇంజిన్ పోతే ఖర్చంతా మీ నెత్తిన వేసుకోవడం ఎలా?

కొన్న ఏడాదిలోపే బండి ఇంజిన్ చెడిపోయి, లోపం తయారీలోదే అని తేలితే బాగుచేసే ఖర్చు కంపెనీది. వారంటీ పుస్తకంలో ఆ ముక్క అచ్చేసి ఉంటుంది. అయినా సరే, మనలో పౌరుషం గలవాళ్లు ఆ ఖర్చును పరాయివాళ్లకు వదలరు. ఎలాగోలా తమ జేబుకే తెచ్చుకుంటారు. చూసేవాళ్లు అయ్యో పాపం అనుకుంటారు గానీ, దీని వెనక బోలెడు కృషి ఉంటుంది. ఆధారం ఎక్కడ కనిపిస్తే అక్కడ చెరిపెయ్యాలి. అరవాల్సిందంతా నోటితో అరిచి, కాగితం మీద ఒక్క ముక్క పడకుండా చూసుకోవాలి. ఇంతటి విద్య టీ కొట్ల దగ్గరా, మెకానిక్ షెడ్ల ముందూ నోటిమాటగానే మిగిలిపోకూడదని ఇక్కడ రాసిపెడుతున్నాను.

షోరూం గేటు దాటగానే

ఇంజిన్ పోయాక మేల్కోవడం అమాయకుల లక్షణం. మనం డెలివరీ రోజు నుంచే పని మొదలుపెట్టాలి.

కొత్త ఇంజిన్‌లో పిస్టన్ రింగులు సిలిండర్ బోరు గోడకు ఇంకా సర్దుకుని ఉండవు. ఆ గోడ మీద ఫ్యాక్టరీలో కావాలనే సన్నటి అడ్డగీతలు గీస్తారు. వాటిలో ఆయిల్ నిలుస్తుంది. ఆ గరుకు మీద రింగులు కొద్దికొద్దిగా అరిగి, గోడకు సరిగ్గా ఆనుకుంటాయి. దీనికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది. అందుకే మాన్యువల్ రాసినవాళ్లు ఇంజిన్‌ని కొత్త అల్లుడిలా చూసుకోమంటారు. మొదట్లో ఫలానా స్పీడు దాటొద్దు, ఎక్స్‌లేటర్ చివరిదాకా తిప్పొద్దు, ఒకే స్పీడులో గంటల తరబడి పోవద్దు, స్టార్ట్ చేయగానే రేజ్ చేయొద్దు అని వరసగా మర్యాదలన్నీ చెబుతారు. మీరు మాత్రం ఇల్లరికం వచ్చి పదేళ్లయిన అల్లుణ్ణి చూసినట్టు చూడండి. బెజవాడ దుర్గమ్మ కొండ కింద పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి, వెనక బావమరిదినీ, వాడి వెనక వాడి స్నేహితుణ్ణీ ఎక్కించుకుని, అటునుంచటే హైదరాబాద్ హైవే ఎక్కేయండి. మే నెలయితే మరీ మంచిది. మీటరులో ముల్లు ఎందాకా పోతుందో చూడకుండా నందిగామ దాటకూడదు.

మొదటి సర్వీసు సంగతి. కంపెనీని బట్టి 500 నుంచి 1000 కిలోమీటర్ల మధ్యలో, లేదా నెల రోజులకు, రమ్మంటారు. రింగులూ గేర్లూ సర్దుకునేటప్పుడు రాలిన సన్నటి ఇనప రజను ఆయిల్‌లో కలిసి ఉంటుంది. ఆ ఆయిల్ పారబోసి కొత్తది పోయడమే ఆ సర్వీసులో అసలు పని. ఉచిత సర్వీసు అని పేరే గానీ ఆయిల్ డబ్బులు మనవే కదా అని మీకు ఒళ్లు మండాలి. మండిందా? అయితే వెళ్లకండి. సర్వీసు ఎగ్గొట్టినవాడికి వారంటీ వర్తించదని అదే పుస్తకంలో రాసి ఉంటుంది. ఇంజిన్ ఇంకా చెక్కుచెదరకుండానే సగం విజయం మీ చేతికి వచ్చేసినట్టు. మిగతా తప్పులు ఎన్ని చేసినా దీనికి సాటిరావు.

ఆయిల్ ఉందో లేదో ఎప్పుడూ చూడకండి. చిన్న బండ్లలో పట్టే ఆయిలే మొత్తం లీటరు, కొన్నింటిలో అంతకన్నా తక్కువ. పిస్టన్‌కీ, గేర్లకీ, క్లచ్ ప్లేట్లకీ అదే దిక్కు. కాబట్టి కాస్త తగ్గినా ఫలితం తొందరగా కనిపిస్తుంది. చూడక తప్పదని ఇంట్లోవాళ్లు పోరితే సైడ్ స్టాండ్ మీద ఒరిగి ఉన్నప్పుడు చూడండి. బండి నిటారుగా ఉంటే లెక్క సరిగ్గా తెలిసిపోయే ప్రమాదం ఉంది. తగ్గిందని తేలితే పక్కింటాయన కారులో పోయగా మిగిలిన డబ్బా అడగండి. మోటార్‌సైకిల్ ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ అనో, ఎంఏ2 అనో ఉంటుంది. క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లోనే మునిగి ఉన్నా జారకూడదని ఆ కొలత పెట్టుకున్నారు. చాలా కారు ఆయిళ్లలో జారుడు పెంచే మందులు కలుపుతారు. అది పోస్తే క్లచ్ జారి, ఇంజిన్ అరిచినంతగా బండి లాగకపోవచ్చు. షోరూంలో మొదటి ప్రశ్న ‘ఏ ఆయిల్ పోశారు సార్?’ అనే వస్తుంది. గర్వంగా నిజం చెప్పండి.

బండి ఆగిన రోజు

వారధి మధ్యలో లారీల నడుమ ఇంజిన్ పట్టేసిందనుకుందాం. పిస్టన్ వేడికి ఉబ్బి బోరులో బిగుసుకుంటే గేర్లో ఉన్న వెనక చక్రం కూడా బిగుసుకుంటుంది. ఈ వ్యాసం మొత్తంలో ఒక్క మంచి సలహా ఇవ్వక తప్పడం లేదు: వెంటనే క్లచ్ పట్టుకోండి. చక్రం వదులవుతుంది, బండిని మెల్లగా పక్కకు తీసుకోవచ్చు. బిల్లు కట్టడానికి మనిషి బతికుండాలి కదా. ఇక మళ్లీ దారిలో పడదాం.

పక్కకు తీసి స్టాండ్ వేసేలోపే నలుగురు పోగవుతారు. అందరూ స్కూటర్ల కాలంలో పట్టా పుచ్చుకున్నవాళ్లే. ఒకాయన చోక్ లాగమంటాడు. 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బీఎస్6 బండ్లలో దాదాపు అన్నిటికీ కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది, లాగడానికి చోక్ లేదు. ఇంకొకాయన రిజర్వ్‌లో పెట్టమంటాడు. తిప్పడానికి ఆ నాబూ లేదు. మూడో ఆయన బండిని పక్కకు వంచి లేపమంటాడు. చేతక్ రోజుల్లో ఈ వైద్యం చాలా ఇళ్లను నిలబెట్టింది. ఇప్పటి బండ్లలో చాలావాటికి, బండి పడిపోయిందని గ్రహించి ఇంజిన్ ఆపేసే సెన్సర్ ఉంటుంది. దాన్ని కూడా ఓసారి కంగారు పెట్టినట్టవుతుంది. వద్దనకండి. అందరి మాటా వినండి. చివరికి అందరూ కలిసి ‘తోసి స్టార్ట్ చేద్దాం బాబాయ్, సెకండ్ గేర్లో వెయ్యి’ అంటారు. బిగుసుకున్న ఇంజిన్‌ని చక్రంతో బలవంతంగా తిప్పితే, అప్పటిదాకా గీతలతో సరిపెట్టుకున్న బోరుకు పూర్తి పని పడుతుంది.

అరగంట ఆగితే ఒక అద్భుతం జరగొచ్చు. ఇంజిన్ చల్లారి, ఉబ్బిన పిస్టన్ సర్దుకుని, సెల్ఫ్ నొక్కగానే బండి స్టార్ట్ అవుతుంది. లోపల ఏదో గీసుకుంటున్న చప్పుడు వినిపిస్తుంది. ఈ ఘట్టంలో బలహీనులు బండి ఆపేసి, కంపెనీ రోడ్డు సాయం నంబరుకు ఫోన్ చేసి, ట్రాలీ మీద ఎక్కిస్తారు. ఎక్కించే ముందు మీటరులో కిలోమీటర్లు ఫోటో తీసుకుంటారు, ఆయిల్ మట్టం ఫోటో తీసుకుంటారు, చప్పుడు వీడియో తీసుకుంటారు. మీకు అలాంటి పిరికి పనులు వద్దు. ‘దానంతట అదే సెట్టయింది’ అని అందరికీ థాంక్స్ చెప్పి ఇంటిదాకా తోలుకెళ్లండి. గీత గాడి అవుతుంది.

మీటరులో ఇంజిన్ బొమ్మతో పసుపు దీపం వెలిగితే దాని మీద చిన్న స్టిక్కరు అంటించండి. ఏ లోపం వచ్చిందో ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్ (ఈసీయూ) ఒక కోడ్ రూపంలో దాచిపెట్టుకుంటుంది, షోరూంలో యంత్రం తగిలిస్తే అది బయటికి చెబుతుంది. కాబట్టి బ్యాటరీ వైరు పీకి మళ్లీ పెట్టి చూడండి. కొన్ని బండ్లలో దీపం ఆరిపోతుంది. దీపంతో పాటు, మీ తరఫున మాట్లాడగలిగే ఏకైక సాక్షి కూడా.

వాన నీళ్లకు ప్రత్యేకం

మోకాటి లోతు నీళ్లలో బండి ఆగితే సెల్ఫ్ నొక్కుతూనే ఉండండి. గాలి వెళ్లే దారిలో నీళ్లు సిలిండర్‌లోకి వెళ్లి ఉంటాయి. గాలి నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. పైకొచ్చే పిస్టన్ నీళ్లను గుద్దుకుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్ విప్పి, నీళ్లు బయటికి పోనిచ్చి, ఆయిల్ తెల్లగా మారిందేమో చూసి, మార్చాక గానీ స్టార్ట్ చేయకూడదని మెకానిక్‌లు నెత్తీనోరూ బాదుకుంటారు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, నీళ్లు తీయగానే మన పద్ధతిలో సెల్ఫ్ నొక్కి చూసినవాళ్లు లేకపోలేదు. ఇందులో గొప్ప లాభం ఏమిటంటే, వరదలో మునగడం వరకు మామూలు ఓన్ డ్యామేజ్ పాలసీ కిందకు రావచ్చు. మునిగిన ఇంజిన్‌ని తిప్పి వంచడం మాత్రం మీ సొంత ప్రతిభ కాబట్టి, ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ లేనిచోట ఇన్సూరెన్సువాళ్లు దాన్ని మీకే వదిలేస్తారు.

‘అయిదేళ్ల ఇన్సూరెన్స్ కట్టాను కదా’ అని కౌంటరు దగ్గర గొడవ పెట్టుకోవడం కూడా బాగుంటుంది. 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు అయిదేళ్లకు తప్పనిసరి చేసింది థర్డ్ పార్టీ బీమా. అది మీరు గుద్దిన మనిషికి. లోపలి నుంచి చెడిన ఇంజిన్‌తో దానికి చుట్టరికం లేదు, పాలసీ తీసి చదివితే ఆ సంగతి తెలిసిపోతుంది. చదవకండి.

కుటుంబ విచారణ

ఇంటికి చేరాక అసలు కారణం తేలుతుంది. శనివారం డెలివరీ తీసుకున్నావు, ఇనుము శనివారం ఇంటికి తెస్తారా అని పెద్దమ్మ అంటుంది. నంబరు కూడితే ఎనిమిది వచ్చింది, చిలక్కి చెప్పినట్టు చెప్పాను తొమ్మిది తీసుకోమని, అని మామయ్య. గుమ్మడికాయ కొడితే సరిపోతుందని ఇంకొకరు. ఇవన్నీ చేయించండి, తప్పేం లేదు, మనశ్శాంతికి మంచిదే. ఒక్క షరతు: ఇవన్నీ అయ్యేదాకా షోరూంకు సమాచారం ఇవ్వకూడదు. బండి ఆగిన తేదీకీ, వాళ్లకు చెప్పిన తేదీకీ మధ్య ఎన్ని వారాలు గడిస్తే అంత మంచిది.

మన కుర్రాడి షెడ్డు

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన అంకం. షోరూంవాళ్లు మోసం చేస్తారని, ఆటోనగర్‌లో మనకు తెలిసిన కుర్రాడు బంగారమని మీకు ఎవరో ఒకరు చెబుతారు. కుర్రాడు నిజంగానే బంగారం అయ్యుంటాడు. నా అనుభవంలో షోరూంలో ఉన్నవాళ్లకన్నా మంచి పనివాళ్లు షెడ్లలోనే ఉన్నారు. కానీ వాడి పనితనం మనకు ముఖ్యం కాదు. వారంటీలో ఉన్న ఇంజిన్‌ని వాడి చేత విప్పించడమే ముఖ్యం. వాడు హెడ్డు తీసి, బోరు చూసి, ‘అన్నా, పిస్టన్ గీసేసింది, బోరు కొట్టించాలి’ అంటాడు. ఎందుకు గీసిందని మాత్రం అడగకండి. ఆయిల్ పంపు నుంచి ఆయిల్ పైకి రావడం లేదా, ఆయిల్ దారిలో ఫ్యాక్టరీ నాటి చెత్త అడ్డం పడిందా, రేడియేటర్ బండి అయితే కూలెంట్ కారిపోయిందా, రింగు తప్పుగా ఎక్కించారా అని అడిగితే కారణం తెలుస్తుంది. కారణం తెలిస్తే బాధ్యుడు తెలుస్తాడు.

పాత పిస్టన్, రింగులు, గ్యాస్కెట్ అన్నీ అక్కడే వదిలేసి రండి. ఇంటికి తెచ్చుకుంటే చోటు దండగ. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం, వస్తువులో లోపం ఉందో లేదో పరీక్ష లేకుండా తేల్చలేనప్పుడు వినియోగదారుల కమిషన్ దాన్ని తగిన ల్యాబ్‌కు పంపగలదు. పంపడానికి ఏదైనా మిగిలి ఉంటే. మీ పిస్టన్ అప్పటికి పాత ఇనుము కొట్టులో కిలోల లెక్కన తూగి ఉంటుంది. కంపెనీ వకీలు ‘ఇంజిన్‌ని బయటివాళ్లు విప్పారు’ అనే ఒక్క వాక్యంతో ఇంటికి వెళ్లిపోతాడు. ఆయన సమయం కూడా ఆదా.

జాబ్‌కార్డు గండం

ఎంత జాగ్రత్తపడినా కొందరు నేరుగా షోరూంకే వెళ్తారు. వాళ్లకూ దారి ఉంది. సర్వీస్ అడ్వైజర్ నవ్వుతూ కుర్చీ వేస్తాడు. మీరు పావుగంట సేపు జరిగిందంతా కళ్లకు కట్టినట్టు చెబుతారు. ఆయన తలూపుతూ జాబ్‌కార్డు మీద ‘జనరల్ చెకప్’ అని రాస్తాడు. చదవకుండా సంతకం పెట్టండి. ‘నడుస్తుండగా ఇంజిన్ పట్టేసి ఆగిపోయింది, లోపల చప్పుడు ఉంది, ఇన్ని కిలోమీటర్లు’ అని రాయించుకుంటే ఆ కాగితం రేపు సాక్ష్యమవుతుంది. నకలు అడగకండి, అడిగితే మా మీద నమ్మకం లేదా సార్ అని నొచ్చుకుంటారు.

తర్వాత ఫోన్ వస్తుంది. ‘సార్, మీరు స్పీడుగా తోలారు, వారంటీ రాదు.’ ఇక్కడ మీరు గట్టిగా అరవాలి. ఎంత గట్టిగా అంటే, ‘ఆ ముక్క మెయిల్లో రాసి పంపండి’ అనే చిన్న మాట మీకు తట్టకూడదు. కాగితం మీద కారణం రాయమంటే చాలామంది అడ్వైజర్లు ఇంకోసారి ఆలోచిస్తారు, ఏరియా మేనేజరుతో మాట్లాడతారు, కంపెనీ ఇంజినీరును పిలుస్తారు. ఇదంతా ఎవరికి ఇబ్బంది? మనకే.

పెట్రోలులో కల్తీ అంటే మాత్రం వెంటనే ఒప్పుకోండి. బంకువాడి దగ్గరికి వెళ్తే వాడు బండిలోనే లోపం అంటాడు, మళ్లీ ఇక్కడికి రండి, ఇలా కొన్నాళ్లు గడుస్తుంది. ట్యాంకులో పెట్రోలు కొంచెం శుభ్రమైన సీసాలో దాచడం, బిల్లు దాచడం, బంకులో ఫిల్టర్ పేపర్ పరీక్ష అడగడం వంటివి చేయొద్దు. ఇథనాల్ కలిసిన పెట్రోలులోకి నీళ్లు ఎక్కువగా చేరితే ఇథనాల్ నీళ్లతో కలిసి అడుక్కు దిగిపోతుంది, సీసాలో రెండు పొరలు కంటికే కనిపిస్తాయి. కంటికి కనిపించే రుజువు ఉంటే వాదన తొందరగా తెగిపోతుంది.

కోపం వచ్చినప్పుడు

ఈఎంఐ ఆపేయండి. బండి కదలనప్పుడు కిస్తీ ఎందుకు కట్టాలి? న్యాయమైన ప్రశ్న. కానీ బండి అమ్మినవాడు ఒకడు, అప్పిచ్చినవాడు ఇంకొకడు. షోరూంవాడికి తన డబ్బు మొదటిరోజే అందేసింది. మీరు కిస్తీ ఆపితే వాడికి చీమ కుట్టినట్టయినా ఉండదు. మీ సిబిల్ స్కోరు మాత్రం పడిపోతుంది, ఫైనాన్స్ మనుషులు ఇంటికొస్తారు, ఆగిపోయిన బండిని తోసుకుంటూ తీసుకెళ్తారు. ఇంజిన్ సమస్య అక్కడితో తీరిపోతుంది, ఒక రకంగా.

రెండోది, ఇంజిన్ బాగుచేస్తామని వాళ్లు ఒప్పుకున్నా మీరు ఒప్పుకోకండి. ‘బండే మార్చాలి, లేదా మొత్తం డబ్బు వెనక్కివ్వాలి’ అని ఒకే మాట మీద నిలబడండి. 2006లో సుప్రీంకోర్టు ఒక కారు కేసులో, వారంటీ అంటే చెడిన భాగాన్ని బాగుచేయడమో మార్చడమో గానీ మొత్తం కారు మార్చడం కాదంది. పదేపదే బాగుచేసినా అదే లోపం తిరిగి వస్తోందని కాగితాలతో చూపించగలిగినవాళ్ల సంగతి వేరు. వాళ్ల దగ్గర జాబ్‌కార్డుల కట్ట ఉంటుంది, మన దగ్గర ఉండదు. కాబట్టి మొండిపట్టే మన ఆస్తి. బాగుచేశాక మార్చిన భాగాల జాబితా, వాటి మీద వారంటీ ఎంతకాలమో రాయించుకోవడం వంటివి సర్దుకుపోయేవాళ్ల లక్షణాలు.

మూడోది, లోపం దాచి, పాలిష్ పెట్టించి, బావమరిదికి అమ్మేయడం. దీని గురించి వివరంగా రాస్తే మా ఇంట్లో గొడవలవుతాయి.

పొరపాటున కూడా చేయకూడనివి

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. తెలుగులో కూడా మాట్లాడతారు, ఫిర్యాదును నేరుగా కంపెనీకి పంపుతారు. షోరూం స్థాయిలో నెల రోజులు నలిగిన వ్యవహారం పైనుంచి ఒక ఫోను రాగానే కదిలిపోతే మన శ్రమంతా వృథా. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. షోరూం ఎక్కడున్నా, కంపెనీ ఆఫీసు ఏ రాష్ట్రంలో ఉన్నా, మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు. వస్తువుకు కట్టిన ధర అయిదు లక్షల లోపయితే ఫీజు లేదు. వకీలును పెట్టుకోవాలనీ లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేసే వీలుంది. ఈ మాటలన్నీ ఎవరైనా చెబితే, ‘కోర్టుల చుట్టూ ఎవడు తిరుగుతాడు సార్’ అని ఒక్క ముక్కతో నోరు మూయించండి. చెప్పినవాడికి మళ్లీ చెప్పబుద్ధి కాదు.

అప్పటికీ వెళ్లక తప్పదనిపిస్తే, తొందరపడకండి. వ్యవహారం మొదలైన నాటి నుంచి ఫిర్యాదుకు చట్టం ఇచ్చిన గడువు రెండేళ్లు. అది ముగిసిన మర్నాడు బయల్దేరండి.